ఫైలు భద్రం, జీతాలే రాలేదు

ముందుగా ఒక శుభవార్త. మా నూలు మిల్లులో పనిచేసే 64 మంది జీతాల ఫైలు అత్యంత భద్రంగా ఉంది. దొంగల చేతికి చిక్కలేదు, హ్యాకర్ల కంట పడలేదు. బ్యాంకుకు కూడా చేరలేదు. కోహినూరు మా పల్నాడు కొల్లూరు గనిలోనే దొరికిందంటారు. ఈపాటి కాపలా అప్పుడే ఉండుంటే అది ఇప్పటికీ ఇక్కడే ఉండేది.

ఒకప్పుడు చెక్కు, పేర్ల జాబితా పట్టుకుని బ్యాంకుకు వెళ్ళేవాణ్ణి. మేనేజరు టీ తెప్పించేవాడు, సాయంత్రానికి జీతాలు పడేవి. ఇప్పుడు టీ లేదు, ఎస్‌ఎఫ్‌టీపీ ఉంది. జీతాల ఫైలును నెట్ మీద భద్రంగా బ్యాంకుకు పంపే పద్ధతి అది. దీని వెనక పెద్దలే ఉన్నారు. ఫైళ్ళు పంపుకునే ఎఫ్‌టీపీకి 1971లో రూపమిచ్చింది మనవాడే, కాన్పూరు ఐఐటీ తొలి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్ళేది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండులో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలాగే పాస్‌వర్డ్‌లు కాజేస్తే, అక్కడి తాతూ యులోనెన్ దారిలో ఎవరూ చదవలేని విధంగా సమాచారం పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీ పోర్టు (కంప్యూటర్‌లోకి గుమ్మం నంబరు) 21, దూరపు కంప్యూటర్‌ను నడిపే టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి పుచ్చుకున్నాడు. మన ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది దాని మీదే. ఆ మహానుభావులను నేనేమీ అనను. వాళ్ళు దారికి తాళం వేశారు. మా బ్యాంకు మనిషికి వేసింది.

6వ తేదీ పొద్దున మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కరెంటు పోయి వచ్చింది, రౌటర్ ఆగి మొదలైంది, దాంతో ఇంటర్నెట్‌లో మా చిరునామా, అంటే ఐపీ అడ్రస్, మారింది. కొత్త ఐపీ బ్యాంకు జాబితాలో లేదు కనుక మేము ఎవరమో బ్యాంకుకు తెలియదు. పదకొండేళ్ళ ఖాతా, అయినా తెలియదు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాను.

"పోర్టల్‌లో లాగిన్ అయి టికెట్, అంటే ఫిర్యాదు, రైజ్ చేయండి సార్."

లాగిన్ అవబోతే 90 రోజుల పాస్‌వర్డ్ నిన్ననే కాలం చేసిందని తెలిసింది. మళ్ళీ ఫోన్ చేశాను.

"లాగిన్ అవడం లేదమ్మా."

"అదే విషయం టికెట్‌లో రాయండి సార్."

సరే, పాస్‌వర్డ్ మారుద్దాం. ఓటీపీ మా ఓనరు గారి ఫోనుకు వెళ్తుంది. ఓనరు గారు తిరుమలలో ఉన్నారు. ఫోను డిపాజిట్ కౌంటర్‌లో, ఆయన వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో. దర్శనానికి ఎనిమిది గంటలు, ఓటీపీ ఆయుష్షు మూడు నిమిషాలు. ఈపాటికి బయటికి వచ్చుంటారేమోనన్న ఆశతో అరగంటకోసారి ఓటీపీ పంపిస్తూనే ఉన్నాను. ఆ కౌంటర్ సంచిలో అవి పుట్టి, మూడేసి నిమిషాలు బతికి, ఏ మనిషి మొహమూ చూడకుండానే పోయాయి. పద్నాలుగో దాని తర్వాత భద్రతా కారణాల రీత్యా నా యూజర్ ఐడీ లాక్ అయింది. రాత్రి ఓనరు గారు లడ్డూలతో బయటికొచ్చి ఫోను చూసుకున్నారు. పద్నాలుగు ఓటీపీలు! నాకు ఫోన్ చేసి, "ఏమయ్యా, మన ఖాతా మీద ఎవరో పడ్డారు. బ్యాంకుకు చెప్పి మొత్తం బ్లాక్ చేయించేశా. ఇక టెన్షన్ లేదు, పడుకో," అన్నారు. స్వామి దయ, ఆ మనిషి గొంతులో అంత నిశ్చింత నేనెప్పుడూ వినలేదు.

7వ తేదీ దాటకుండా జీతాలివ్వాలని చట్టం. 8వ తేదీన బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. నా ఫోన్ల మీద వాళ్ళే తెరిచిన టికెట్ మూసేశారట. కారణం: యూజర్ పొరపాటు.

ఎవడయ్యా యూజర్? కరెంటు నేను తీశానా? 90 రోజుల లెక్క నేను పెట్టానా? పాస్‌వర్డ్‌లు మారుస్తూ ఉండాలని 2003లో అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే నిస్ట్ సంస్థకు రాసిపెట్టిన బిల్ బర్, ఆ సలహా ఇచ్చినందుకు చింతిస్తున్నానని 2017లో చెంపలేసుకున్నాడు. లీకైతే తప్ప ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని నిస్ట్ కూడా అదే ఏడాది చెప్పింది. రాసినవాడే వద్దన్నా మా బ్యాంకుకు ఇంకా కబురు అందలేదు. దాన్ని కూడా ఎస్‌ఎఫ్‌టీపీలో పంపుంటారు.

ఆ రోజు మధ్యాహ్నం రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసే ఆవిడ నా టేబుల్ దగ్గరికొచ్చింది. డ్వాక్రా వాయిదా ఆ రోజే కట్టాలి. "డబ్బులు పడలేదేంటి బాబూ?" అంది. ఐపీ మారిందమ్మా అన్నాను. "ఎవరు మార్చారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నెలంతా దూది పీల్చుకుంటూ నిలబడి సంపాదించుకున్న డబ్బు ఆవిడది. ఆ డబ్బును ఎవరి నుంచి కాపాడుతున్నారు? ఆవిడ నుంచేనా? వాయిదా తప్పితే గ్రూపులో పదిమంది ముందు తలదించుకునేది ఆవిడ. టికెట్ మూసినవాడికి ఒకటో తేదీకే జీతం పడి ఉంటుంది. వాడి ఐపీ ఎప్పుడూ మారదు.

9వ తేదీన నేనే బ్రాంచికి వెళ్ళి నిలబడ్డాను. లోపలికి పిలిచిన ఆఫీసరు కుర్రాడు మంచివాడే. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఎందుకు సార్ ఇదంతా, నా నంబరుకు వాట్సాప్ చేసేయండి, బ్లాక్ తీసి నేనే ఎక్కించేస్తా," అన్నాడు.

అరవై నాలుగు పేర్లు, ఖాతా నంబర్లు, జీతాలు అటాచ్ చేశాను.

"పాస్‌వర్డ్ పెట్టారా సార్?"

పెట్టానన్నాను.

"అయితే అదీ దాని కిందే పెట్టేయండి."

పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పావుగంటలో జీతాలు పడ్డాయి.