తలుపు తెరుచుకున్నప్పుడు వాద్యాలు ఆగాలి

ఫ్రెంచ్ రచయిత సార్త్ర్ నాటకం ‘నో ఎగ్జిట్’ 1944 మేలో పారిస్‌లో మొదటిసారి ఆడింది. నరకంలో ఒక గది, మూడు సోఫాలు, ఆరని దీపం, చచ్చిపోయిన ముగ్గురు (గార్సాఁ, ఎస్తెల్, ఇనెస్), వాళ్లను గదిలోకి తెచ్చే నౌకరు. కొద్దిమంది గాయకులు, కొన్ని వాద్యాలతోనే పాటగా సాగే ఛాంబర్ ఒపేరాకు ఇంతకంటే ఇమిడే నాటకం నాకు తోచదు. అరవైమంది ఆర్కెస్ట్రా వాయిస్తుంటే అది ఇరుకు గది ఎలా అవుతుంది? ఈ నాటకం మీద ఆండీ వోర్స్ రాసిన ఒపేరాను 2008లో బోస్టన్‌లో గెరిల్లా ఒపేరా వేసింది. ఆ బృందానికి ముందు నిలబడి వాయిద్యగాళ్లను నడిపించే కండక్టర్ ఉండడు, ఒకరినొకరు కనిపెట్టుకుంటూనే నడపాలి. అద్దాల్లేని గదిలో ఎదుటివాళ్ల చూపులే అద్దమయ్యే కథకు అదే సరైన పద్ధతి.

మాట పాటైతే రెండింతలైనా సాగుతుంది కాబట్టి సగానికి పైగా సంభాషణ కోయక తప్పదు. ‘నరకమంటే తక్కినవాళ్లే’ అన్నది అందరికీ తెలిసిన మాట కదా అని తారస్థాయికి ఎక్కించి పల్లవిలా తిప్పకండి. గార్సాఁ ఆ మాట అనేది చివర్లో, అప్పుడే తెలిసొచ్చినట్టు. ఒక్కసారి చాలు. భూమ్మీద జరిగేది వాళ్లకు కనిపించే ఘట్టాలను మాత్రం కోయొద్దు. ఎస్తెల్ తన అంత్యక్రియలు తానే చూస్తుంది. ఆరియా, అంటే ఒక్కరే నిలిచి పాడే పాట, ఉన్నది అక్కడే. ఆ దృశ్యం మసకబారేకొద్దీ ఒక్కో వాద్యాన్నీ తీసేస్తూ పోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎవరి సోఫాలో వాళ్లు నోరు మూసుకుని కూర్చుందామని ముగ్గురూ ఒప్పుకుంటారు. కాసేపటికి ఇనెస్ తనలో తాను ఒక పాట పాడుకుంటుంది. మాటల నాటకంలో అది ఠక్కున చెవిన పడుతుంది. మన పద్యనాటకంలో వచనం మధ్య పద్యం ఎత్తుకున్నట్టు. అందరూ మొదటినుంచీ పాడుతూనే ఉండే ఒపేరాలో ఆ తేడా మాయమైపోతుంది. అందుకని అప్పటిదాకా గాత్రాన్ని మాటకు దగ్గరగా, చిన్న స్వరాల్లో నడపాలి. ఇక్కడ వాద్యాలన్నీ ఆపేసి, పిల్లలైనా పాడగలిగే వరస ఇవ్వాలి, శ్రుతి కూడా అందించకుండా. ఇనెస్ పాత్రధారి శ్రుతి జారుతుందని చెలో అనే పెద్ద తంత్రీవాద్యంతో ఆసరా ఇచ్చారంటే ఘట్టం పోయినట్టే. జారితే జారనివ్వండి.

చివర్లో గార్సాఁ తలుపు బాదుతాడు. అది ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, అతను పడబోతాడు. ఎవరూ బయటికి వెళ్లరు. దయచేసి ఇక్కడ డ్రమ్ములు మోగించకండి. బాదుతున్నంతసేపూ ఎంతైనా వాయించండి, తెరుచుకున్న క్షణాన అంతా ఆగిపోవాలి. గాయకులు ఊపిరి తీసుకోవడం వినపడాలి. తర్వాత గార్సాఁ తన చేత్తోనే తలుపు మూస్తాడు. బట్ట బిగించిన సెట్టు తలుపు అప్పుడు ఊగిపోతుంది తప్ప పలకదు. చట్రం నేలకు బిగించి, బరువైన చెక్క తలుపు పెట్టండి. ఆ చప్పుడు తలుపుదే కావాలి.