చీటీ ఎవరు రాశారో అక్షరాల్ని మాత్రమే అడిగితే ఎలా

పాత పైలట్ల కాగితాలు ఎక్కడన్నా బయటపడితే చాలు, ఎవరు రాశారో తేల్చడానికి తెలిసిన సంతకం పక్కనే ఉంచి అక్షరాలు పోల్చడం మొదలెడతారు. నాకైతే అది సగం పనే అనిపిస్తుంది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి గోదారి దాటించే పంటు మీద వస్తూ మోకాలి మీద చీటీ పెట్టుకుని కొబ్బరికాయల లెక్క రాసుకున్నానొకసారి, ఇంటికొచ్చి చూస్తే నా రాతే నాకు పరాయిదిలా ఉంది.

గోదారి మీద పంటుకే ఇలా ఉంటే, 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు పైకప్పు లేని కాక్‌పిట్‌లో 16 గంటలు కూర్చుని అట్లాంటిక్ దాటారు, చలి, ఇంజిన్ల హోరు, పక్కనే ఉన్నా మాట వినబడక బ్రౌన్ చీటీలు రాసి చూపించేవాడు. ఆ చీటీల్ని ఆయన ఇంట్లో తీరిగ్గా రాసిన ఉత్తరంతో పోలిస్తే ఏం తేలుతుంది? పోల్చాలంటే గాల్లో రాసిన ఇంకో కాగితం కావాలి. అయినా విమానం నడిపింది ఆల్కాక్, దారి లెక్కలు కట్టింది బ్రౌన్, రాసిందెవరో సగం అక్కడే తెలిసిపోతుంది.

అమెరికా మహిళా పైలట్ అమేలియా ఎయిర్‌హార్ట్ సంగతి ఇంకా తిరకాసు. 1937 జూన్‌లో కరాచీ నుంచి కలకత్తా వచ్చి వెళ్లింది, జులై 2న పసిఫిక్ మీద మాయమైపోయింది. ఆమె ఎలక్ట్రా విమానంలో మధ్యలో పెట్రోల్ ట్యాంకులు, వాటి వెనక దారి లెక్కలు కట్టే నావిగేటర్ ఫ్రెడ్ నూనన్, ఆయన చీటీ రాసి వెదురు కర్ర చివర తగిలించి ముందుకి అందించేవాడు. మరి ఆమె దగ్గరున్న చీటీ ఆమే రాసిందని ఎలా అంటాం? ఇన్ని డిగ్రీలు తిప్పు అని ఉంటే అది వెనక సీటు మాట, కింద ఊళ్లూ మబ్బులూ ఎలా కనబడుతున్నాయో ఉంటే దారిలో రిపోర్టులు రాసి పంపుతున్న ఆవిడది అనుకోవచ్చు, అదీ గ్యారంటీ కాదులెండి.

మా వైపు కరణాల గొలుసుకట్టు రాత ముక్క చదవలేని రైతు కూడా ఇది ఫలానాయనదే అనేవాడు, ఆయన రాస్తుంటే ఏళ్ల తరబడి చూశాడు కాబట్టి. 1872 సాక్ష్య చట్టం 47వ సెక్షన్ కూడా అలా రాత ఎరిగిన మనిషి మాటకి విలువిచ్చింది. కాకపోతే బ్రౌన్ రాస్తుంటే చూసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, మిగిలింది అలవాట్లే, అంకె ఎలా వేస్తాడు, ఏ మాట కుదించి రాస్తాడు, టైమ్ ఎక్కడ రాస్తాడు.

అదీ పూర్తిగా నమ్మలేం. నా పంటు చీటీలో నాదని గుర్తుపట్టేది ఒక్కటే ఉంది, వంద కాయలకో అడ్డగీత, ఆ అలవాటేమో మా నాన్నది.