ఫ్రిజ్ తలుపులో కాపురం పెట్టిన దగ్గు సిరప్ గారికి

మహారాజశ్రీ దగ్గు సిరప్ గారికి,
గుడ్ల ట్రే కింది అర, సోయా సాస్ పక్కన.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ మీరు కుశలమే, మిమ్మల్ని తాగినవాళ్ళ కుశలం గురించే ఈ ఉత్తరం.

మీరు ఎప్పుడొచ్చారో, ఎప్పటికి పనికిరాకుండా పోతారో మీ ఒంటిమీద రాసే ఉంటుంది, కాకపోతే దాని మీద మీరే కారి అతుక్కుపోయారు కాబట్టి ఆ తేదీ చీమలకి తప్ప ఎవరికీ తెలీదు. మా పెద్దోడికి ఏడాది వయసప్పుడు మీ ముత్తాత వచ్చాడు, ఇప్పుడు వాడు ఇంటర్ సెకండియర్. మధ్యలో సీసాలు మారాయి, ఎరుపు పోయి పచ్చ వచ్చింది, స్ట్రాబెరీ పోయి మామిడి వచ్చింది, ఆ అర మాత్రం మీ వంశానిదే. మా ఫ్లాటు రిజిస్ట్రేషన్ కన్నా ముందే అది మీ పేరు మీద అయిపోయింది. అసలు మీరు ఫ్రిజ్‌లో ఉండక్కర్లేదట, మామూలు గదిలో ఉంటే చాలని సీసా మీదే రాసుందట, ఎవరు చదివారు?

ఇంట్లో ఒక్క తుమ్ము వినపడితే చాలు, హాల్లోంచి మా అత్తయ్య గొంతు, "రెండు మూతలు పట్టెయ్యమ్మా, హాయిగా పడుకుంటాడు." పట్టేసేదాన్ని. మూత పోతే స్పూను, ఆ స్పూను ఒకసారి టీదీ ఒకసారి పాయసానిదీ, మా ఇంట్లో ఐదు ఎమ్మెల్ అంటే ఎవరి చెయ్యి తిరిగినంత వాళ్ళకి. వాడు నిజంగానే పడుకునేవాడు, మేం దగ్గు తగ్గిందని సంబరపడేవాళ్ళం. తగ్గలేదండీ, దగ్గేవాడు నిద్రపోయాడు అంతే. మీలో క్లోర్‌ఫెనిరమైన్ అని ఒకటుంటుందట, మత్తు దాని పని.

మా వీధి చివర మందుల షాపతను పొడి దగ్గా కళ్ళె దగ్గా అని అడుగుతాడు, ఆ ఒక్క ప్రశ్నతోనే మాకు డాక్టర్ చూసినంత తృప్తి. ఏజ్ ఎంతక్కా అని కూడా అడుగుతాడు. బరువెంత అని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు, మందేమో బరువు లెక్క మీద ఇవ్వాలి. పక్కనే ఉంటాడే మీ తమ్ముడు పారాసెటమాల్, ఆయనకైతే మూడు వేషాలు. ఐదు ఎమ్మెల్‌కి 120 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి, చుక్కల మందైతే ఒక్క ఎమ్మెల్‌లోనే 100. పది కేజీల పిల్లాడికి ఒక డోసు 150 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే మొదటిది ఆరు ఎమ్మెల్, రెండోది మూడు, చుక్కలైతే ఒకటిన్నర. ఆ చుక్కల మందుని మా పాయసం స్పూనుతో ఐదు ఎమ్మెల్ పట్టామనుకోండి, 500 లోపలికెళ్ళినట్టే, లివర్ పాపం ఎవరితో చెప్పుకుంటుంది.

సరే మీ సంగతికే వద్దాం. నాలుగేళ్ళ లోపు పిల్లలకి క్లోర్‌ఫెనిరమైన్, ముక్కు దిబ్బడకిచ్చే ఫినైలెఫ్రిన్ కలిపిన మందు వాడకూడదని సీసా మీద రాయమని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర డ్రగ్ కంట్రోలర్ చెప్పాడు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ళు ఇంకో మాటన్నారు, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా వద్దు అని. అంటే మా వాడికి మీ ముత్తాతని పట్టిన రోజులన్నీ పట్టకూడని రోజులే అన్నమాట.

ఆ మాట ఊరికే రాలేదు లెండి. ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు. మధ్యప్రదేశ్ చింద్వాడా చుట్టుపక్కల 2025లో మామూలు జలుబూ జ్వరం అని మీ జాతివాడే ఒకణ్ణి, కోల్డ్‌రిఫ్‌ని, పిల్లలకి పట్టారు, కొన్ని రోజులకి ఒంటేలు ఆగిపోయింది, కిడ్నీలు పోయాయి, ఇరవై మందికి పైగా పోయారు, అందరూ చిన్న పిల్లలే. తమిళనాడులో టెస్ట్ చేస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రావకం 48.6 శాతం, ఉండొచ్చన్నది 0.1. మన తెలంగాణ డ్రగ్ కంట్రోల్ వాళ్ళు కూడా ఆ బ్యాచ్ వాడొద్దని నోటీసిచ్చారు. అంతకు ముందు 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో ఇలాంటి సిరప్‌లతోనే అరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఇంకా వెనక్కెళ్తే 1937లో అమెరికాలో ఇదే ద్రావకం కలిపిన మందుతో వందమందికి పైగా చనిపోయారు, ఆ మరుసటి ఏడే అక్కడ మందుల చట్టం మార్చారు. ఆ పాడు ద్రావకం తియ్యగా ఉంటుంది, చవగ్గా దొరుకుతుంది, చూస్తే మందుల్లో వాడే మంచి ద్రావకానికీ దీనికీ తేడా తెలీదు. మీరు చేసిందని అనట్లేదు. కానీ అక్కర్లేని మందుని తియ్యగా ఉంది కదా అని పట్టే అలవాటు మాలాంటి ఇళ్ళదే కదా.

మరి మీరు లేకపోతే ఎలా అని మొన్న పిల్లల డాక్టరమ్మని అడిగా. ఏడాది దాటిన పిల్లలైతే పడుకునే ముందు అర చెంచా తేనె చాలంది, ఏడాది లోపు మాత్రం తేనె నాకించకూడదట, పుట్టగానే నాలిక్కి తేనె రాసే మా అత్తయ్య అక్కడే మొహం తిప్పేసుకున్నారు. ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు, కాస్త గోరువెచ్చగా తాగడానికి ఏదో ఒకటి, అంతే. జలుబుతో వచ్చిన దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది, ఉండనివ్వండి అంది. చూడాల్సింది దగ్గు కాదంట, ఊపిరి. చొక్కా పైకెత్తి డొక్కలెగరేస్తున్నాడా అని చూడు, నిమిషానికి ఊపిరి లెక్కపెట్టు, రెండు నెలల నుంచి ఏడాది లోపైతే 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపైతే 40, అంతకి చేరినా దాటినా అర్ధరాత్రయినా తీసుకొచ్చెయ్ అంది. పదహారేళ్ళుగా మందు ఎమ్మెల్‌లో లెక్కపెట్టా గానీ ఊపిరి లెక్కపెట్టాలని నాకెవరూ చెప్పలేదు.

అసలు విషయం ఇప్పుడు రాస్తున్నా, ఏమీ అనుకోకండి. పోయిన నెలలో మీ మట్టం తగ్గింది. ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు, జలుబు లేదు. మొదట లీకేజీ అనుకున్నా, తర్వాత అత్తయ్యని అనుమానించా (సారీ అత్తయ్యా), చివరికి పెద్దోణ్ణి అడిగా. వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా, "నిద్ర పట్టట్లేదమ్మా, రోజూ మాక్ టెస్టులు, రెండు మూతలు తాగితే పట్టేస్తుంది, చిన్నప్పుడు నువ్వే కదా పట్టేదానివి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదండీ. గంజాయి గురించి భయపడి వాడి బ్యాగు వాసన చూశా, జేబులు తడిమా, మా ఆయనైతే పాకెట్ మనీకి లెక్కలడిగాడు, మేం ఇద్దరం పోలీసు కుక్కల్లా వాడి గదంతా తిరిగినన్నాళ్ళూ మీరు ఫ్రిజ్ లైటు వెలుగులో గుడ్ల కింద నవ్వుతూ కూర్చున్నారు. మీ వంశంలో కోడీన్ ఉన్నవాళ్ళు కూడా ఉన్నారట కదా, నల్లమందు చుట్టాలు. అవి చీటీ లేకుండా అమ్మకూడదు, షాపు రిజిస్టర్‌లో పేరు రాసుకుని మూడేళ్ళు దాచాలి, రూలు అదీ. మా సందులో మాత్రం చీటీ అడిగే షాపు కన్నా చిల్లర అడిగే షాపులే ఎక్కువ. మా ఇంట్లో ఉన్న మీలో అది లేదు, డాక్టరమ్మకి ఫొటో పెట్టి కనుక్కున్నా, అయినా ఆ రాత్రి నేను నిద్రపోలేదు, రెండు మూతలు తాగుదామని ఒక్క క్షణం అనిపించింది కూడా.

వాణ్ణి తిట్టలేదు. తిట్టడానికి మొహం ఉండాలి కదా. తీసుకెళ్ళి డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టా, వాడూ ఆవిడా నన్ను బయటికి పంపించి అరగంట మాట్లాడుకున్నారు, ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, అదే మంచిదట. అవసరమైతే ఫోన్ చెయ్యమని మత్తు మందుల హెల్ప్‌లైన్ 14446 నంబరు మాత్రం నా చేతికి రాసిచ్చింది. ఇంట్లో మందులన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేశా, సగం మిగిల్చి దాచిన యాంటీబయాటిక్ పొడి మందులు నాలుగు బయటపడ్డాయి, నీళ్ళు కలిపాక వారం దాటితే పనికిరాని వాటిని ఏడాదిగా మళ్ళీ పనికొస్తాయని దాచా.

ఇక మీరు. సింకులో పొయ్యొద్దన్నారు కాబట్టి నిన్న మిమ్మల్ని వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో ముడేసి, చెత్తబండికి ఇచ్చేశా. బండబ్బాయి వాసన చూసి "మామిడిపండు జ్యూసా మేడమ్" అన్నాడు.

ఇట్లు,
పదహారేళ్ళు మీకు అద్దె లేకుండా అర ఇచ్చిన ఇల్లాలు.

తా.క.: పొద్దున ఫ్రిజ్ తీస్తే మీ అరలో గ్రైప్ వాటర్ కూర్చునుంది. మా ఆడపడుచు పురిటికి వస్తోందని అత్తయ్య ముందుచూపు. గ్రైప్ వాటరమ్మకి విడిగా ఉత్తరం రాస్తా.