పక్కింటికి సోలార్ కరెంటు అమ్మితే డిస్కం తీగ తెంపేయొచ్చా?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇంటింటికీ సోలార్ పలకలు పెట్టుకుంటే మిగిలిన కరెంటును యాప్‌లో పక్కింటికి అమ్ముకోవచ్చట. డిస్కం (కరెంటు పంపిణీ చేసే సంస్థ) తీగ తెంపేయొచ్చట, లైన్ పోయినా ఊళ్లో లైట్లు ఆరవట, లైసెన్సుతో పనే లేదట. ఊళ్లోనే కరెంటు పుట్టించి ఊళ్లోనే పంచుకునే మైక్రోగ్రిడ్ మంచి ఆలోచన. ఇట్లాంటి మాటలు నమ్మి అడ్వాన్సులు కట్టి మోసపోతే, రేపు నిజంగా పనికొచ్చే పథకం వచ్చినా జనం దగ్గరికి రానివ్వరు. నా బాధ అదే.

"పక్కింటివాళ్లు కొంటారు." ఎందుకు కొంటారు? గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఇంటికి 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. వ్యవసాయ మోటార్లకు 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు. అసలైన కొనుగోలుదారులు వేరే ఉన్నారు: రైస్ మిల్లు, పిండిగిర్ని, ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలు. మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు.

"తీగ తెంపేయొచ్చు." 3 కిలోవాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి, అదీ ఎక్కువగా పది నుంచి మూడు మధ్యలో. ఆ వేళ అందరి దగ్గరా మిగులే. రాత్రి ఏడింటికి అందరికీ కావాలి, ఎవరి దగ్గరా ఉండదు. యాప్ ధర చూపిస్తుంది గానీ కరెంటు పుట్టించదు. ఇక ముసురు పట్టిన వారం మాటేమిటి? పైగా 5 హెచ్‌పీ మోటారు స్టార్టర్ నొక్కిన క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది.

"లైన్ పోయినా లైట్లు ఆరవు." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్ పోగానే తనంతట తానే ఆగిపోతుంది. కావాలనే అట్లా తయారుచేశారు. గాలివానకు తీగ తెగితే లైన్‌మన్ స్విచ్ తీసి స్తంభమెక్కుతాడు. అప్పుడు ఏదో ఒక ఇంటి నుంచి కరెంటు వెనక్కి పారిందనుకోండి, మామూలుగా వోల్టేజీ తగ్గించే ఊరి ట్రాన్స్‌ఫార్మరే దాన్ని 11 వేల వోల్టులకు పెంచి పైతీగలోకి పంపుతుంది. చచ్చిపోయిందనుకున్న తీగ మీద అతని చెయ్యి ఉంటుంది. బ్యాటరీ పెట్టుకుని ఇల్లు నడుపుకోవచ్చు, అయితే ఆ సమయంలో ఇంటిని లైన్ నుంచి పూర్తిగా విడదీసే ఏర్పాటు ఉండాలి. ఊరంతా అట్లా నడవాలంటే విడదీయాల్సింది ఊరినే. అది డిస్కంతో కలిసి చేయాల్సిన పని.

"లైసెన్సు అక్కర్లేదు." 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీకి, వ్యాపారానికి లైసెన్సు కావాలి. రాష్ట్రం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో ఉత్పత్తి చేసి పంపిణీ చేసేవాళ్లకు మినహాయింపు ఉంది, భద్రతా నిబంధనలు మాత్రం తప్పవు. లక్నోలో భవనాల మధ్య సోలార్ కరెంటు అమ్మకం ప్రయోగం జరిగింది నిజమే. అది అక్కడి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతితో, డిస్కం తీగల మీదే జరిగింది.

ఇక్కడ చేయదగ్గది ఒకటుంది. ఇళ్ల మధ్యాహ్నపు మిగులు దగ్గర్లోని మిల్లుకో కోల్డ్ స్టోరేజీకో చేరాలి. కోల్డ్ స్టోరేజీ మధ్యాహ్నమే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరుచుకుంటే సాయంత్రం కాసేపు కంప్రెసర్ ఆపుకోవచ్చు, అంత బ్యాటరీ ఖర్చు తప్పుతుంది. దానికి వేళవారీగా లెక్కగట్టే మీటర్లు, తీగ వాడుకున్నందుకు ఇక్కడి డిస్కం టీజీఎన్‌పీడీసీఎల్‌కు చార్జీ, నియంత్రణ మండలి ఆమోదం కావాలి. అడ్వాన్సు అడిగే ఏజెంటును ఈ మూడింటికీ కాగితాలు చూపించమనండి.