మెరిసిన డ్రమ్ము మహాత్మ్యం

ఒడిశాలోని పర్లాకిమిడిలో పణా సంక్రాంతికి, అంటే ఏప్రిల్ నడుమ వచ్చే ఒడియా కొత్త సంవత్సరానికి, మారేడు పానకం పంచడం పాత ఆచారం. ఆ గుజ్జుకు తగినంత రంగు లేదని ఆలస్యంగా గ్రహించిన మా వీధి యువజన సంఘం వారు ఈ ఏడు నిమ్మరసంలో పంచదార, నారింజ రంగు పొడి కలిపి, నీళ్లు నిలవచేసే జింకు పూత డ్రమ్ములో ముందురోజు రాత్రే పోసి ఉంచారు.

తెల్లవారేసరికి రంగు వెలిసిపోయింది. కార్యదర్శిగారు దీర్ఘంగా ఆలోచించి, పొడి నాసిరకమని తీర్మానించి, మరో చెంచా వేశారు; మధ్యాహ్నానికి అదీ వెలిస్తే ఎండను నిందించి ఇంకొకటి వేశారు. ఆ పొడిలో ఉండే సన్‌సెట్ ఎల్లో వంటి అజో రంగులను, అంటే ఒక తరహా కృత్రిమ రంగులను, ఆమ్లంలో కరుగుతున్న లోహమే విరగ్గొడుతుందనీ, ఆ క్రమంలో లోహం మరింత త్వరగా కరుగుతుందనీ రేకు డబ్బాల్లో పండ్లు నింపేవారికి ఏనాడో తెలుసు. పానీయంలో ఇలాంటి రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం చెంచాకు తెలియదు గనుక దానిని తప్పుపట్టలేము.

డ్రమ్ము ఖాళీ అయ్యాక అసలు మహిమ బయటపడింది. ఏళ్ల తరబడి పేరుకున్న తెల్లటి పొర, రసం నిలిచినంత మేర, మాయమైంది. "చూశారా మాస్టారూ, మన షర్బత్తు కడుపునే కాదు, డ్రమ్మునూ శుద్ధి చేసింది!" అన్నారు అధ్యక్షులవారు. తుప్పుపట్టిన గేట్లను కూడా వచ్చే సంక్రాంతికి తెచ్చి ముంచుకోవచ్చునని సభ్యులొకరు సూచించగా, ఆ ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

పులుపును కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. జింకు పూత పీహెచ్ 6కు దిగువన నిలవదు. నీళ్లు కలిపిన నిమ్మరసం 3 దగ్గర ఉంటుంది. అయ్యా, ఆ పొరా, దాని కింది జింకూ ఆవిరైపోలేదు, గ్లాసుల్లోకి వెళ్లాయి! నాలుకకు తగిలిన ఆ వగరు నిమ్మ ఘాటు కాదు. అలాంటి రసం తాగితే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. తాగింది ఎవరు? మండుటెండలో మూటలు మోసి, ఉచితమని మూడేసి గ్లాసులు అడిగిన కూలీలు, బడి పిల్లలు. సాయంత్రానికి వాళ్లు కక్కుకుంటే ఎండదెబ్బ అన్నారు! చారు కాచే ఇత్తడి గిన్నెకు కళాయి ఉందో లేదో చూసుకున్న మన ముసలమ్మలు ఏ కళాశాలలో చదివారు? సిగ్గుండాలి.

స్టీలు పాత్ర కొనమంటే నిధులు లేవన్నారు. అధ్యక్షులవారు మాత్రం ఆ రోజంతా సీలు వేసిన సీసా నీళ్లే తాగారు, ఆయన ముఖంతో కట్టిన ఫ్లెక్సీ రెండు డ్రమ్ముల ఎత్తుంది.