యువ పారిశ్రామికవేత్త గారి స్వయంకృషి

గుంటూరు చుట్టుగుంట సెంటర్లో మళ్ళీ ఫ్లెక్సీ లేచింది. నల్లకళ్ళద్దాలు, తెల్లచొక్కా, చెవి దగ్గర సెల్‌ఫోను, వెనకాల ఎవరిదో విమానం. ‘యువ పారిశ్రామికవేత్త, స్వయంకృషికి నిలువెత్తు నిదర్శనం, అన్నగారికి జన్మదిన శుభాకాంక్షలు.’ కింద పాస్‌పోర్టు సైజులో అభిమానుల ఫొటోలు. అందులో సగం మంది అన్నగారి కొట్లో జీతగాళ్ళు, మిగతా సగం వేలువిడిచిన మేనమామ కొడుకులు.

పరిశ్రమ ఎక్కడుందని మాత్రం అడక్కండి. ఉన్నది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. తాత పెట్టాడు, తండ్రి పెంచాడు, ఈయన ఫ్లెక్సీ కట్టించాడు. మూడు తరాల్లో ఎవరి వంతు వారు చేశారు.

అయినా స్వయంకృషి అన్నాక తేలిగ్గా తీసిపారెయ్యకూడదు కదా, పద్ధతిగా విచారించాను. పెట్టుబడి మొదటి విడత తాతగారిది. రెండో విడత పెళ్ళిలో వచ్చింది. 1961 నుంచి కట్నం నేరం కాబట్టి దాన్ని ఆ పేరుతో పిలవకూడదు, బెంగళూరు భాషలో ఏంజెల్ ఇన్వెస్ట్‌మెంట్ అనాలి. ఆ ఏంజెల్ గారు తెనాలిలో ఉంటారు. సంక్రాంతికి అల్లుడొచ్చినప్పుడల్లా మరో విడత ఫండింగ్ జరుగుతుంది. స్టార్టప్‌లవాళ్ళు ఇన్వెస్టర్ కాళ్ళ మీద పడతారని విన్నాను. మా గుంటూరులో ఇన్వెస్టరే కాళ్ళు కడుగుతాడు.

ఇక భాగస్వామ్యం. బాబుకి పదేళ్ళప్పుడే కొట్టు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో పేరెక్కింది. చట్టానికి వ్యతిరేకం అనుకునేరు, కాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 30వ సెక్షన్ ప్రకారం మిగతా భాగస్వాములంతా ఒప్పుకుంటే మైనరును లాభాల వరకు చేర్చుకోవచ్చు. నష్టమొస్తే సంస్థలో వాడి వాటా వరకే, వ్యక్తిగతంగా వాడికి బాధ్యత ఉండదు. మేజరయ్యాక ఆరు నెలల్లో ఉంటాడో పోతాడో తేల్చి చెప్పాలి. బాబు ఉన్నాడు. లాభాల వరకే ఉండే ఏర్పాటు కూడా అలాగే ఉంది.

ఎంబీయే పూర్తిచేసి వచ్చిన కొత్తలో ఆయన కొట్లో ప్రెజెంటేషన్ ఇచ్చాడు. ఈ ఘట్టం చరిత్రకెక్కాలి. తేజ రకం మిర్చి టిక్కీల, అంటే బస్తాల, మధ్య తెల్లదుప్పటి కట్టించి, ప్రొజెక్టర్ పెట్టించి, తాతనీ తండ్రినీ గుమస్తానీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మొదటి స్లైడు మీద ‘విజన్ 2030’. ‘మన కోర్ వాల్యూస్...’ అని మొదలెట్టాడో లేదో, అవతల హమాలీలు టిక్కీ కిందికేశారు. ఘాటు లేచింది. ఈయనకు తుమ్ములు. పుట్టి బుద్ధెరిగాక యార్డులో సీజన్లో అడుగుపెట్టినవాడైతే ముక్కుకి కండువా అడ్డం పెట్టుకునేవాడు. మూడో స్లైడు దాకా తుమ్ముతూనే డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ గురించి చెప్పాడు. తాతగారికి బొత్తిగా అర్థం కాలేదు కాబట్టి మనవడు గొప్పవాడయ్యాడని కళ్ళు తుడుచుకున్నాడు. ఘాటుకి కూడా కావచ్చు.

అప్పుడే మాచర్ల వైపు రైతు ఒకాయన లోపలికొచ్చాడు.

‘రంగు పోయిన తాలుకాయ ఎక్కువుందని నా సరుకు రేటు తగ్గించారంట. పెద్దాయన ఏడీ?’

పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు, కానీ చీకట్లో ఉన్నాడు. యువ పారిశ్రామికవేత్త అందుకున్నాడు. ‘సర్, త్వరలో మన యాప్ వస్తుంది. అందులో కంప్లయింట్ రైజ్ చేయండి.’

రైతు దుప్పటి వంక చూశాడు. ఈయన వంక చూశాడు. ‘అమ్మాయి లేదా?’ అన్నాడు.

వెనక గదిలోంచి చెల్లెలు వచ్చింది. మచ్చుకని తెచ్చిన కాయల్లో గుప్పెడు తీసుకుని ఒకటి విరిచింది, గింజ చూసింది, ఇంకోటి నలిపింది. ‘ఇది తాలు కాదు బాబాయ్, నెమ్ము. మీరు కల్లంలో ఇంకో రెండు రోజులు ఉంచాల్సింది. ఉండండి, మాట్లాడతాను’ అని కొనుగోలుదారుకి ఫోన్ చేసి, పది నిమిషాలు వాదించి, తగ్గిన రేటులో సగం వెనక్కి తెప్పించింది. రైతు ఆమె చేతిలోంచి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్కచీటీ, తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ప్రొజెక్టర్ మళ్ళీ వెలిగింది. ‘కస్టమర్ ఎక్స్‌పీరియన్స్’ అని స్లైడు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజం చెప్పొద్దూ, ఆ బాబు మీద నాకు జాలే. విజిటింగ్ కార్డు మీద మేనేజింగ్ డైరెక్టర్, ఏసీ కొనాలంటే మాత్రం నాన్నని అడగాలి. నాన్న తాతనడుగుతాడు, తాత ‘ఫ్యానుందిగా’ అంటాడు. యార్డు మొత్తంలో అతని పేరు తెలిసినవాడు ఫ్లెక్సీ ప్రింట్ చేసేవాడొక్కడే. మిగతా అందరికీ ‘పెద్దాయన మనవడు’. బడిలో అదే పేరు, బ్యాంకులో అదే పేరు, పెళ్ళిచూపుల్లో అదే అర్హత. నువ్వేమవుతావని చిన్నప్పుడు ఎవరూ అడగని మనిషి పెద్దయ్యాక తన గురించి తానే ఊరి సెంటర్లో అంతెత్తున చెప్పించుకోవడంలో ఆశ్చర్యమేముంది? అంతవరకు క్షమించేద్దాం.

క్షమించలేనిది ఆ వెనక గది.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు తండ్రికి బీపీ వచ్చింది, గుమస్తాకి నడుంనొప్పి వచ్చింది, అన్నకి గోవా ప్రయాణం వచ్చింది. బీకాం పూర్తిచేసిన చెల్లెలు కూర్చుని నేర్చుకుంది. అప్పట్నుంచి రిటర్నులు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు, కోల్డ్ స్టోరేజీ బాండ్లు, రైతుల బాకీలు అన్నీ ఆమెవే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు పోటెత్తే రోజుల్లో రాత్రి ఒంటిగంటకి లెక్క ముగించేది. జీతం? ‘ఇంటిపిల్లకి జీతమేంటండీ’ అని తండ్రి నవ్వాడు. పుట్టినరోజు ఫ్లెక్సీ బిల్లు కూడా ‘ప్రచారం’ పద్దు కింద ఆమే ఎక్కించేది.

పెళ్ళయ్యింది. ఆరు నెలలు తిరక్కుండా హక్కు విడుదల పత్రం తయారైంది. తాతగారి ఇల్లు, స్థలం, అన్నీ కలిపి ‘నాకేమీ అక్కర్లేదు’ అని సంతకం పెట్టాలట. అందరిళ్ళలోనూ జరిగేదేనట.

ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుందని ఈ రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి చట్టం అమల్లో ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది, పెళ్ళయిన కూతుళ్ళకూ. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఆడిటర్ గారికి ఇవన్నీ కంఠతా వచ్చు. అయితే కొట్టు ఉమ్మడి ఆస్తి కాదట, పార్ట్‌నర్‌షిప్ అట, డీడ్‌లో అమ్మాయి పేరు లేదట. ఎందుకు లేదు? పదేళ్ళ మగపిల్లాడికి దొరికిన చోటు, కొట్టు మొత్తం నెత్తిన మోసిన ఆడపిల్లకి ఎందుకు దొరకలేదు? ఇల్లు, స్థలాల్లో ఆమెకు హక్కే లేదంటే ఈ విడుదల పత్రం దేనికి? లేనిదాన్ని ఎలా విడుదల చేయిస్తారు? ఉందని తెలుసు కాబట్టే రాయిస్తున్నారు. రాయిస్తూ ‘పుట్టింటి తలుపు నీకెప్పుడూ తెరిచే ఉంటుందమ్మా’ అంటున్నారు. సంతకం పెట్టకపోతే మూస్తామనేగా దానర్థం! సిగ్గుండాలి.

పెట్టేసింది. అందరాడపిల్లల్లాగే. పెట్టేముందు అలవాటు కొద్దీ పత్రమంతా చదివి, తూర్పు హద్దు పడమర హద్దు తారుమారయ్యాయని చూపించి దిద్దించింది కూడా. ‘మా చెల్లి లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో’ అని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో అన్నగారు మురిసిపోయాడు.

జీఎస్టీ రిటర్నుకి గడువు నెలనెలా 20వ తారీఖు. 19 రాత్రి పదకొండున్నరకి అత్తగారింట్లో ఆమె ఫోన్ మోగింది. యువ పారిశ్రామికవేత్త గారు లైన్లో ఉన్నారు.

‘చెల్లీ, ఆ పాస్‌వర్డ్ ఏంటమ్మా?’