పట్టాదారు పాసుపుస్తకం గారికి కౌలుదారు ఉత్తరం

మహారాజశ్రీ పట్టాదారు పాసుపుస్తకం గారి దివ్య సముఖానికి, తమరి నాలుగెకరాల్లో ఎనిమిదేళ్లుగా కౌలు చేస్తున్నవాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. హైదరాబాదులో, భూమి యజమాని పటేలు గారి బీరువాలో, పట్టుచీరల నడుమ తమరు క్షేమమని తలుస్తాను.

తమరిని నేను చూసింది ఒక్కసారే. 2018 మే నెలలో, బడిలో షామియానా కింద కొత్త పాసుపుస్తకాలు, సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు చెక్కులు పంచిన రోజు. లైన్లో పొద్దుటి నుంచి నిలబడింది నేను. పేరు పిలిచేసరికి కారు దిగి వెళ్లింది పటేలు. ఎకరానికి 4 వేల చొప్పున 16 వేల చెక్కు. ఫొటో దిగారు. ఎండ పడకుండా గొడుగు పట్టినందుకు నా మోచేయి కూడా అందులో పడింది. రైతుబంధులో నాకు దక్కిన వాటా ఆ మోచేయే.

తర్వాత చెక్కులు పోయి పైసలు నేరుగా ఖాతాలో పడ్డాయి. 4 వేలు 5 వేలయ్యాయి. 2025 జనవరిలో రైతు భరోసా అని పేరు మార్చుకుని 6 వేలయ్యాయి. వానాకాలం, యాసంగి కలిపి తమరి రాబడి ఏటా 48 వేలు. బీరువాలోంచి కాలు బయట పెట్టకుండా! తమరి పనితనం చూసి పటేలుకూ ధైర్యం వచ్చింది. "రేట్లు పెరిగినయి తమ్మీ" అంటూ ఎకరాకు 10 వేలున్న కౌలును 15 వేలు చేశారు. పెట్టుబడి సాయం అని పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టను. పెట్టుబడి నాది, సాయం తమరిది.

గుట్టలకు, ప్లాట్లు చేసిన వెంచర్లకు కూడా ఆరేళ్లు పైసలు పడ్డాయి. నాకు కుళ్లు లేదుగానీ, ఆ బండరాయికి పాసుపుస్తకం ఉంది, నాకు లేదు. సాగుకు పనికిరావని ఇప్పుడు వాటిని తీసేశారు. రాయీ నేనూ చివరికి ఒక్క లిస్టులోకి వచ్చాం.

పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది. దున్నేవాడి పేరు రాసేందుకు. భూమి రికార్డులు ధరణి పోర్టల్‌లోకి వచ్చాక అదీ మాయమైంది. 2023 ఎన్నికలప్పుడు కౌలు రైతుకూ ఎకరానికి ఏటా 15 వేలన్నారు. ఆ మాట విని పటేలు నాకంటే ముందు కంగారుపడి, కౌలు కాగితం మీద రాయొద్దని ఫోన్ చేశారు. ఆయన కంగారూ వృథా పోయింది, నా ఆశా వృథా పోయింది.

వడ్లు నావే అయినా వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో పేరు తమరిదే. సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనసూ తమరి ఖాతాకే. రైతుబీమా సరేసరి: 59 ఏళ్లలోపు పట్టాదారు ఎట్లా పోయినా ఇంటికి 5 లక్షలు. మొన్న వరికి పురుగుమందు కొడుతుంటే కళ్లు తిరిగి ఒడ్డు మీద పడ్డాను. మా ఆవిడ బిందెతో పరుగెత్తుకొచ్చి, "లేవయ్యా, నువ్వు పోతే పైసా రాదు" అని మొహాన నీళ్లు కొట్టింది. లేచాను.

ఇంతకూ ఈ ఉత్తరం ఎందుకంటే, రేపు సొసైటీకి యూరియా లోడు వస్తుందట. పాసుపుస్తకం జిరాక్స్ లేనిదే బస్తా ఇవ్వరు. పటేలు ఫోన్ ఎత్తడం లేదు. కాబట్టి తమరే దయచేసి, మొదటి పేజీ, సర్వే నంబర్ల పేజీ వాట్సాప్‌లో పంపించే ఏర్పాటు చేయగలరు. పోయినసారి నీడ పడి నంబరు కనపడలేదు, కొంచెం వెలుతురులో దిగండి. నా చెప్పులు సాయంత్రం నుంచే లైన్లో ఉన్నాయి.

ఇట్లు,
అనుభవదారు (కాలమ్ లేదు)